తలకు రంగు, చేతికి ఫోను

బకీ అనే రేవు ఊళ్లో, జుట్టు కత్తిరించే దుకాణం నడిపే మోయిరా దగ్గర తలకు రంగు వేయించుకోవడమంటే వలలో పడ్డట్టే. రంగు పట్టడానికి ముప్పై అయిదు నిమిషాలు. నెత్తిన వెండిరంగు రేకులు చుట్టుకుని, మెడకు తువ్వాలు కట్టుకుని ఆ సముద్రపు గాలిలోకి పారిపోయే ఆడది ఆ తీరంలో ఇంకా పుట్టలేదు. ఆఖరి రేకు మడవగానే మోయిరా అడిగేది ఒకటే.

"ఉత్తరం వచ్చిందా?"

ఏ ఉత్తరమో చెప్పక్కర్లేదు. పాతికేళ్లు నిండిన ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి ప్రభుత్వం పంపే పిలుపు. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే పరీక్ష. ఖర్చు లేదు, పది నిమిషాల పని. అయినా ఎంతోమంది ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, దాని ముందే నెలల తరబడి పాలు తీసుకుంటూ మరిచిపోతారు. "వచ్చింది గానీ..." అని నసిగితే చాలు, మోయిరా ఫోను తెచ్చి చేతిలో పెట్టేది.

"చెయ్యి. క్లినిక్‌వాళ్లు ఎత్తడానికే ఇరవై నిమిషాలు. నువ్వెక్కడికీ పోలేవుగా."

"సిగ్గేస్తుంది మోయిరా."

"నా ముందు ముళ్లపందిలా కూర్చున్నావు. దీనికి లేని సిగ్గు దానికెందుకే?"

ఆ మొండితనం ఊరికే రాలేదు. వాళ్లక్క ఇనా ముప్పై నాలుగేళ్లకే ఇదే జబ్బుతో పోయింది, ఇద్దరు పసిపిల్లల్ని వదిలేసి. అప్పటికింకా ఈ పిలుపులు లేవు. తర్వాత కొన్నేళ్లకు అవి మొదలైనప్పుడు మోయిరా మొదటి ఉత్తరానికే పరుగెత్తింది. తేడా కణాలు కనబడ్డాయి. మెలకువగా ఉండగానే తీసేశారు, సాయంత్రానికి ఇంట్లో కూర్చుని టీ తాగింది. అక్కకు ఒక్క ఉత్తరం వచ్చి ఉంటే బతికేది కదా అని ఆ టీ కప్పు ముందే వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటినుంచి ఆ పిలుపూ, దాని వెనక వచ్చే జవాబూ ఆమెకు వేదవాక్కు. చిక్కంతా అక్కడే వచ్చింది.

విల్మా ఆమె ప్రాణస్నేహితురాలు. రేవులో చేపల షెడ్డులో హాడక్ చేపలు కోస్తుంది, నలభై ఆరేళ్లు. శరత్కాలంలో ఆమెనూ మోయిరాయే పరీక్షకు తరిమింది. వైరస్ లేదని జవాబొచ్చింది. ఫిబ్రవరిలో ఒకరోజు, తలనిండా రేకులతో, విల్మా గొంతు తగ్గించి చెప్పింది.

"నెలసరి కాని రోజుల్లో కూడా రక్తం కనబడుతోందే. మా ఆయనతో ఉన్నాక మరీను."

"నీ కాగితం శుభ్రంగా ఉంది కదే! ఈ వయసులో నెలసరి అటూ ఇటూ అవుతుంది. ఊరికే బెంగ పెట్టుకోకు."

విల్మా మొహం తేలికపడింది. మోయిరాకూ ఏదో మేలు చేసినట్టే అనిపించింది.

ఆరు వారాల తర్వాత క్లినిక్ నర్సు కర్‌స్టీ జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. మాటల్లో మాటగా, పేరు చెప్పకుండా, మోయిరా ఆ సంగతి ఎత్తింది. కర్‌స్టీ కుర్చీలో గిరుక్కున తిరిగింది.

"రక్తమా? డాక్టరుకి చూపించుకుందా?"

"పరీక్షలో ఏమీ లేదని వచ్చిందిగా."

"అది ఏ బాధా లేనివాళ్లకోసం మోయిరా. జల్లెడ లాంటిది. చాలావాటిని పట్టుకుంటుంది, ఒకటీ అరా జారిపోతాయి. వైరస్ కనబడకుండా వచ్చే రకాలూ ఉన్నాయి, అరుదే అనుకో. రక్తం కనబడితే మాత్రం ఆ కాగితం పక్కన పడేసి రావాల్సిందే. ఎవరావిడ?"

మోయిరా కత్తెర బల్లమీద పెట్టి, ఏప్రన్‌తోనే రోడ్డెక్కింది. కుడివైపు చెవిదాకా, ఎడమవైపు భుజందాకా జుట్టుతో కర్‌స్టీ గుమ్మంలో నిలబడి కేకలు వేస్తూనే ఉంది.

అరవై మూడేళ్ల మనిషి, రేవుదాకా ఆగకుండా పరుగెత్తింది. షెడ్డులో విల్మా చేతిలో కత్తి, కాళ్లకు రబ్బరు బూట్లు.

"పద. డాక్టర్ దగ్గరికి. నీకు నేను తప్పు చెప్పానే."

"ఏం తప్పు?"

"ఆ రక్తం సంగతి."

"అందరూ వింటున్నారే బాబూ!"

"విననీ!"

"బెంగ పెట్టుకోకు అన్నది నువ్వే కదే."

"నాకేం తెలుసే! నేను జుట్టు కత్తిరించేదాన్ని!"

షెడ్డులో కత్తులన్నీ ఆగిపోయాయి. విల్మా ఆమె మొహంలోకి చూసి, చేతి తొడుగులు ఊడదీసింది.

క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికింది. గర్భసంచి తీసేశారు, ఇక పై మందులేమీ అక్కర్లేదన్నారు. ఆ ఆరు వారాల వల్ల ఏమైనా తేడా పడిందా అని మోయిరా కర్‌స్టీని అడిగింది. తెలీదు, ఎవరూ చెప్పలేరు అంది కర్‌స్టీ. అబద్ధమైనా చెప్పి ఉండకూడదా అని మోయిరాకు ఒళ్లు మండింది, ఆ రాత్రి నిద్రా పట్టలేదు.

వేసవిలో విల్మా మళ్లీ రంగుకు వచ్చింది. మోయిరా బ్రష్షు ముంచి అలాగే నిలబడిపోయింది.

"ఆ ఆరు వారాలూ..."

"నోర్మూసుకుని రంగు వెయ్యి. తెల్లవెంట్రుకలతో చావలేదని ఏడుస్తున్నావా ఏంటి?"

మోయిరా నవ్వింది, ముక్కు ఎగబీల్చింది, రంగు వేసింది.

పక్క కుర్చీలో పాతికేళ్ల పిల్ల, కొత్తగా బేకరీలో చేరింది. దాని తలమీద ఆఖరి రేకు మడిచి, మోయిరా అలవాటు కొద్దీ అడిగింది.

"ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది, పరీక్షా అయింది. ఏమీ లేదని రాశారు."

మునుపైతే మోయిరా అక్కడితో బుగ్గ గిల్లి వదిలేసేది. ఇప్పుడు బ్రష్షు పక్కన పెట్టి విల్మా వైపు చూసింది. అద్దంలోంచి విల్మా అంతా చూస్తూనే ఉంది.

"ఇటు చూడు పిల్లా," అంది విల్మా. "నాకూ అలాగే రాశారు. తర్వాత క్యాన్సరే బయటపడింది."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయితే ఆ పరీక్ష దండగేనా?"

"దండగైతే నేనిక్కడ ఉండేదాన్ని కాదు తల్లీ," అంది మోయిరా. "ప్రతిసారీ వెళ్లు. మధ్యలో ఎప్పుడు రక్తం కనబడినా, మరే తేడా కనబడినా, ఉత్తరం కోసం చూడకు, నేరుగా డాక్టరు దగ్గరికి పో. నన్ను మాత్రం అడక్కు. నేను జుట్టు కత్తిరించేదాన్ని."

విల్మా రేకుల తల వెనక్కి వాల్చి, మోయిరా రంగు చేతిని గట్టిగా పట్టుకుంది.