తోక ముక్క

తొర్రూరు బస్టాండు దగ్గరి బొమ్మల దుకాణంలో, వెంట వచ్చిన మునిమనవరాలికి డైనోసార్ పజిల్ కొందామని ఒక డబ్బా మూత తీయగానే కొత్తగా కోసిన చెక్క వాసన గుప్పుమంది. "చిన్నపిల్ల గదా అవ్వా, నాలుగు ముక్కలది తీస్కో" అన్నాడు దుకాణదారు. నేను ముప్పై ముక్కలదే తీశాను. పజిల్ ఎంచుకోవడం నాకు మా అమ్మ నేర్పింది.

కొడకండ్లలో అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, తమ్ముడు ఎల్లయ్యకు ఐదు. నాయిన దొరల మీద పోరాడే సంఘంలో చేరి అడవుల్లోకి పోయాడు. వానలు తగ్గి, చేలగట్ల మీద తంగేడు పచ్చగా విరబూసి, కాలుతున్న మక్కకంకుల వాసన వీధంతా కమ్ముకునే ఆ రోజుల్లో, మేము గోలీలాడుకుంటుంటే పోలీసులు వచ్చి, చేతిలో బెల్లంముక్క పెట్టి, "మీ నాయిన ఎప్పుడొచ్చిండు?" అని మెల్లగా అడిగేవారు. ఎల్లయ్యకు దాచడం తెలియదు. వాణ్ణి వీధిలోకి పంపేది లేదని అమ్మ గట్టిగా అనుకుంది. కానీ ఐదేళ్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టేదెట్లా?

బండ్లు చేసే ఖాసీం మామ దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయింది. ఎడ్లబండి బొమ్మ గీసి ఐదు ముక్కలుగా కోసిన పలక ఒకటి ఆయన ఇవ్వబోయాడు.

"గిది వద్దన్నా. పొద్దంత పట్టాలె" అంది అమ్మ.

భూపాలపల్లి అడవుల్లో కలపకు పోయినప్పుడు, వాగులో రోలంత లావు ఎముకలు రాళ్లయి పడి ఉండడం ఆయన చూశాడట. ఆ జంతువు ఎట్లా ఉండేదో ఊహించి, పొడుగు మెడ, అంతకన్నా పొడుగు తోకతో టేకుపలక మీద బొగ్గుతో గీసి, సన్నరంపంతో ఇరవై ముక్కలు చేశాడు. ఎల్లయ్య ఆ రోజు నుంచి అన్నం కూడా మరిచిపోయాడు.

ఒక మధ్యాహ్నం నాయిన చాటుగా వచ్చి జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటుండగా వీధిలో బూట్ల చప్పుడైంది. నాయిన అటకెక్కాడు. అమ్మ కంచం కడిగేసింది. ఎల్లయ్య ముందు ఇంకా మూడే ముక్కలు మిగిలాయి. అవి పెట్టేస్తే తలెత్తుతాడు, తలెత్తితే అటకవైపు చూస్తాడు. నేను తోక ముక్క తీసి కాలికింద పెట్టుకుని కూర్చున్నాను.

పోలీసు వచ్చి వాడి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "మీ నాయిన ఏడిరా?"

"జర ఆగు, తోక దొరుకుతలేదు" అన్నాడు ఎల్లయ్య తలెత్తకుండా.

మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. మూడోసారికి వాడు ఏడుపు లంకించుకున్నాడు. పోలీసు విసుక్కుంటూ లేచి, వడ్ల గరిసెలో కట్టె పెట్టి కెలికి, వెళ్లిపోయాడు. నా కాలు తిమ్మిరెక్కింది. అయినా అమ్మ సైగ చేసేదాకా కదల్లేదు.

పోరాటం ముగిశాక నాయిన ఇంటికి వచ్చేశాడు. పెద్దయ్యాక ఎల్లయ్యకు నిజం చెబితే, "గట్ల ఏడిపిస్తవా అక్కా" అని రెండురోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఖాసీం మామ కొట్టం లేదు, రంపం చప్పుడు లేదు, అటకలున్న ఇళ్లూ లేవు. డబ్బాను సంచిలో పెడుతూ దుకాణదారు "మీ నాయిన ఏడమ్మా?" అని మునిమనవరాలిని అడిగితే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా ఒళ్లు బిగుసుకుంది. ఆ పిల్ల మాత్రం బజారంతా వినబడేలా, "గక్కడ! చాయ్ తాగుతున్నడు!" అని చెయ్యెత్తి చూపించింది.