ఒక డబ్బా దూరం

మా వదినకు దూరాలన్నీ తిండి లెక్కలోనే తెలుసు. విమానాశ్రయం వెనక ఉన్న పెద్ద వంటశాలలో, ప్రయాణికులకిచ్చే భోజనాలు సర్దడం ఆమె పని. వేడి భోజనం, మిఠాయి, దిగేముందు మళ్ళీ టిఫిను వెళ్ళాయంటే అది చాలా దూరపు ఊరు. రొట్టెముక్క, పళ్ళరసం పెట్టిన చిన్న అట్టడబ్బా వెళ్ళిందంటే, "అదెంతలే, పక్క ఊరే" అనేది. తను మాత్రం జన్మలో విమానం ఎక్కలేదు. అయినా ఎవరైనా ప్రయాణమంటే చాలు, ఎంతసేపు పడుతుందో అడక్కుండానే చెప్పేసేది. ఆవిడతో వాదించడం మా అన్నయ్య పెళ్ళయిన కొత్తలోనే మానేశాడు.

తల్లి పోయాక వదినను సాకింది వాళ్ళక్క. ఆవిడ కొన్నేళ్ళ క్రితం సముద్రం అవతల ఒక కుట్టు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఆ ఊరికి వెళ్ళేది చిన్న డబ్బానే. అందుకే వదిన ఎప్పుడూ బెంగపడలేదు.

మొన్న అక్క కడుపులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ మధ్యాహ్నం అన్నారు. "నిన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు పక్కనే ఉంటాను" అని వదిన ఫోన్లో మాటిచ్చింది. ముందురోజే వెళ్ళమని నేను చెవినిల్లు కట్టుకుని పోరాను.

"పొద్దున బయల్దేరినా బోలెడు టైముంటుంది. డబ్బా తిని మూత పెట్టేలోపు దిగిపోతాను."

"టికెట్ మీద ఏముందో ఒక్కసారి చూడు వదినా."

"రోజూ సర్దేదాన్ని, నాకు చెప్తావా?"

ఇక నాకూ ఒళ్ళు మండి ఊరుకున్నాను.

విమానంలో డబ్బా వచ్చింది. వదిన తిని, మూతపెట్టి, చెప్పులు వేసుకుని, సంచి ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. ఎంతకీ దిగే జాడ లేదు. భోజనాలు పంచిన అమ్మాయిని అడిగితే, "ఇంకా నాలుగు గంటలుందండీ" అంది.

"మరి ఇంత చిన్న డబ్బా ఇచ్చారేం?"

"ఖర్చు తగ్గించుకోవడానికండీ. ఇదివరకు ఈ దారిలో భోజనమే ఇచ్చేవాళ్ళు."

అది వదిన పనిలో చేరకముందు మాట. పాపం, ఆ నాలుగు గంటలూ పక్కవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఏడుస్తూనే ఉందట.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. అక్కను ఎప్పుడో లోపలికి తీసుకెళ్ళి ఉంటారనుకుని, ఆపరేషన్ గది ముందు బెంచీ మీద కూలబడింది. నర్సు వచ్చి, "ఆవిడ చెల్లెలు మీరేనా? ఆవిడ పైన వార్డులోనే ఉందండీ" అంది. చెల్లెలొస్తేగానీ కదలనని మొండికేసి, తన వంతు వేరే రోగికి ఇచ్చేసిందట. డాక్టరు చివాట్లు పెట్టి మర్నాటికి మార్చాడు.

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ వదిన తిరిగొచ్చాక నాకు చెప్పిందంతా ఆ సాయంత్రం గురించే.

వార్డులో అక్క వదిన చెయ్యి పట్టుకుని, "ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాలంటే భయమేసిందే" అంది. అక్క నోట భయమన్న మాట వినడం వదినకు అదే మొదటిసారి. ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు. ఏడుపు తగ్గాక వదినకు కోపం ముంచుకొచ్చింది.

"పక్క ఊరేగా అని నేనన్నప్పుడల్లా ఊఁ కొట్టావు కదక్కా! ఇంత దూరమని ఒక్కసారైనా చెప్పావా? ఇన్నేళ్ళూ నువ్వు దగ్గర్లోనే ఉన్నావనుకుని హాయిగా నిద్రపోయాను!"

"అందుకేగా చెప్పలేదు" అంది అక్క.