మా ఇంట్లో ఇంకో బ్లోయర్

ఆ రోజుల్లో నాకు లోకంలోని చప్పుళ్ళన్నీ రెండే రకాలు: నా ఆటలో వచ్చేవి, నా ఆటకు అడ్డం వచ్చేవి. నా ఆట వల్ల ఇంకొకరికి అడ్డం వచ్చే చప్పుడు కూడా ఒకటుంటుందని డిగ్రీ రెండో ఏడాది దాకా నా బుర్రకు తట్టలేదు. మాది పాశమైలారం ఫ్యాక్టరీలను ఆనుకున్న ఊరు. నాయిన అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో, హోరుమని గాలి కొట్టే మనిషెత్తు బ్లోయర్ పక్కన, రాత్రి డ్యూటీ చేసేవాడు. పొద్దున ఇంటికొచ్చి, రొట్టె తిని పడుకుంటే మళ్ళీ సాయంత్రం చాయ్‌కే లేవాలి. సరిగ్గా ఆ వేళలోనే నేను కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. వేసవి సెలవులు మరి (మొదటి వారం నిజానికి సెలవులు కావు, అది నాకూ కాలేజీకీ మధ్య సంగతి).

ఆ కంప్యూటర్ పటాన్‌చెరులో ఒక భాయ్ దుకాణంలో కొన్న పాతది. రెండేళ్ళు చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బంతా దానికే పెట్టాను. చెప్పుల డబ్బా కంటే కొంచెం పెద్దదంతే. ముందువైపు నల్లటి అద్దం, అద్దం వెనక రంగురంగుల లైట్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాలకు మాత్రం లోపలున్న రెండు బుల్లి ఫ్యాన్లు ఊళ్ళో పిండిగిర్నీ నడిచినట్టు మోగేవి. నా గదికీ నాయిన పడుకునే గదికీ మధ్య ఉన్నది ఒక్క పరదా. ఆ పరదా తీసి నాయిన ఎర్రటి కళ్ళతో అడిగాడు. "ఏందిరా గది? రాత్రంత బ్లోయర్ పక్కన నిలవడి ఇంటికొస్తే, ఇంట్ల ఇంకో బ్లోయర్ పెట్టినవా?"

నేను వెంటనే పరిశోధనకు దిగాను. మొదటి రోజు డబ్బాకు గొంగడి కప్పాను. చప్పుడు నిజంగానే తగ్గింది. పది నిమిషాల తర్వాత కంప్యూటరే ఆరిపోయింది, గొంగడి మీద చేయి పెడితే రొట్టెల పెనంలా కాలింది. రెండో రోజు తువ్వాలును తడిపి, పిండి, కంప్యూటర్ పక్కన ఆరేస్తుంటే అమ్మ చూసింది. "కరెంటు డబ్బకు నీళ్ళు పెడ్తున్నవా? పానం మీద తీపి లేదారా నీకు?" అని తువ్వాలుతోనే వీపు మీద ఒకటేసింది. మూడో రోజు డబ్బా పక్క రేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. లోపలి ఫ్యాన్లు నెమ్మదించాయి. నేను గెలిచాననుకున్నాను. అయితే ఇంట్లో ఉన్నది ఒక్కటే టేబుల్ ఫ్యాన్, అది నాయిన తలాపున ఉండేది. అంటే నాయిన నిద్రపోవాలని కంప్యూటర్‌ను చల్లబరిచి, కంప్యూటర్ చల్లబడాలని నాయినను మే నెల ఎండలో ఉడకబెట్టానన్నమాట. భాయ్‌ని అడిగితే "నీళ్ళతోని కూలింగ్ చేసేది ఉంటది బేటా, మస్తు సైలెంట్" అన్నాడు. అతను చెప్పిన ధరకు ఇంకో కంప్యూటర్ వచ్చేది.

ఆ వారాంతంలో అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "మీ నాయిన నిన్న డ్యూటీల కునికిండట. తిరుగుతున్న బెల్టు పక్కన. పక్కనున్న బిహార్ పిలగాడు అంగీ పట్టి గుంజిండు గాబట్టి సరిపోయింది. నీకు చెప్పొద్దన్నడు."

నేను నేరుగా వెళ్ళి వైర్లన్నీ పీకేసి, డబ్బాను గోనెసంచిలో పెడుతున్నాను. నాయిన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"యాడికి?"

"భాయ్‌కి వాపస్ ఇచ్చొస్త నాయినా."

"రెండేండ్లు కష్టపడి కొన్నవు. జెర ఆగు. ఒకసారి నడిపియ్, ఇందాం."

మళ్ళీ వైర్లు కలిపి ఆట పెట్టాను. నాయిన స్క్రూడ్రైవర్ మొనను డబ్బా మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాక్టరీలో బేరింగులను అలాగే వింటారట. డాక్టరు ముందు పేషెంటు బంధువులా నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"బేరింగులు మంచిగనే ఉన్నయ్. గాలి దొర్కక తన్లాడుతుంది. ముంగట గీ అద్దం ఎందుకు?"

"లైట్లు కనవడాలె గద."

"లైట్లు సూస్తవా, ఆట ఆడ్తవా?"

అద్దం పోయింది. దాని చోట చిరిగిన దోమతెర ముక్క బిగించాం. లోపలి దుమ్మును వాకిట్లో కూర్చుని పాత బ్రష్షుతో దులిపితే, ఫ్యాక్టరీల బూడిదంతా మా కంప్యూటర్లోనే చేరిందా అనిపించింది. బుల్లి ఫ్యాన్లు తీసేసి, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్ ఒకటి, వేడిని లాగడానికి చిప్పు మీద రాసే పేస్టు ఒక గొట్టం తెచ్చాను (ఆ రెండూ నా జేబుకు అందాయి). అదురు రేకుకు పాకకుండా నాయిన పాత సైకిల్ ట్యూబు కోసి స్క్రూల కింద వేశాడు. డబ్బా కింద హవాయి చెప్పు ముక్కలు నాలుగు. నా వంతుగా నేను కూడా ఒకటి కనిపెట్టాను: నా పాత తెర సెకనుకు అరవై బొమ్మలే చూపించగలదు, ఆటేమో నూట యాభై గీసి పారేస్తోంది. ఆ వృథా వేడి తగ్గాలని సెట్టింగుల్లో అరవైకి కట్టేశాను.

అన్నీ బిగించి మీట నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. లేదు. రెండేళ్ళ ట్యూషన్లు, ఎక్కాలు రాని ఆ పిల్లలందరూ కళ్ళ ముందు తిరిగారు. "ఖతం నాయినా, కాలిపోయింది" అన్నాను.

నాయిన డబ్బా వెనక్కి వంగి చూశాడు. "మెయిన్ ఏసినవా?"

వెనకున్న ఆ స్విచ్చు వెయ్యలేదు. వేశాను. పెద్ద ఫ్యాన్ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఆట పెట్టి పావుగంటయినా పరదా పక్కన నిలబడి వింటే చీపురుతో వాకిలి ఊడుస్తున్నంత చప్పుడే. అమ్మ "నడుస్తుందా, బందయిందా?" అని అడిగింది. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఇంతవరకూ ఎవరి దగ్గరా దొరకలేదు.

మర్నాడు నాయిన పడుకున్నాక ఆట మొదలుపెట్టాను. గెలిచానో ఓడానో గుర్తు లేదు. మధ్యలో లేచి, మునివేళ్ళ మీద నడిచి, పరదా కొంచెం జరిపి ఆయన నిద్రపోతున్నాడో లేదో చూసి రావడం మాత్రం గుర్తుంది. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. మళ్ళీ కాసేపటికి వెళ్ళి చూశాను. మూడోసారి వెళ్ళినప్పుడు నాయిన కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఆ డబ్బ సప్పుడు ఇనొస్తలేదు గని, నీ అడుగుల సప్పుడుకే నిద్ర పాడైతుంది. పో, పోయి ఆడుకో పో."

ఊపిరి బిగబట్టి పరదా పక్కన నిలబడ్డ అప్పటి నన్ను, ఆ పొడుగు కుర్రాణ్ణి, తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. తను అసలు చప్పుడే చెయ్యట్లేదని ఎంత గట్టిగా నమ్మాడో, పాపం.