అందరికీ తెరుచుకునే ఫైలు

కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా నా బావమరిదికి చిన్న డీటీపీ సెంటరు ఉంది. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు తయారుచేసి ఇస్తాడు. అచ్చు మాత్రం ద్వారకా నగర్‌లో ఒక ప్రెస్‌లో వేయిస్తాడు. పత్రికలో డెస్కు ఉద్యోగం ముగిశాక నా సాయంత్రాలు ఆ సెంటర్లోనే గడుస్తున్నాయి. అతను టైపు చేస్తాడు, నేను ప్రూఫు చూస్తాను. ఏళ్ల తరబడి మంత్రుల ప్రసంగాలు దిద్దిన కళ్లకు మేనత్తల పేర్లు దిద్దడం కష్టమేమీ కాదు. కాకపోతే మంత్రి పేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవాళ్లం. మేనత్త పేరు తప్పు పడితే ఏ సవరణా చాలదు.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. ఇంటి యజమాని ప్రూఫు చూసి సంతకం పెట్టినంత మాత్రాన కార్డు పూర్తయినట్టు కాదు. పేరు వదిలేశారని అలిగిన బంధువు ఎవరో ఒకరు తిన్నగా ప్రెస్‌కే వెళ్లి, ఆపరేటరు పక్కన కుర్చీ వేసుకుని, తన పేరు చేర్పించుకుంటాడు. ఊళ్లో ఏ సెంటరు ఫైలైనా ఏ ప్రెస్‌లోనైనా తెరుచుకుంటుంది కాబట్టే ఇది సాగుతోంది. అందరి దగ్గరా ఉన్నది ఒకే పాత ప్రోగ్రాం, అవే పాత తెలుగు ఫాంట్లు. ఎవరూ కొనలేదు. ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి మరొకరి మిషన్‌లోకి ఎక్కించుకున్నవే. అందరూ ఒకే వస్తువును దొంగిలించారు కాబట్టి అదే ఊరికి ఉమ్మడి ఆస్తి అయింది.

నా బావమరిది పాత కంప్యూటరు కాలిపోయింది. కొత్తదానిలో ఆ దొంగ ప్రోగ్రాం ఎక్కలేదు. అప్పటికే మా ఇంట్లో, పత్రిక వాళ్లు మూల పడేసిన ఒక డబ్బా కంప్యూటరు మీద నేను లినక్స్ అనే ఉచిత సిస్టం వాడుతున్నాను. అది చూసి అతను కూడా ఉచిత సాఫ్ట్‌వేర్‌కి మారాడు. రోజూ షాపు తెరవడానికి ముందు కూర్చుని, బొమ్మలు గీసే ప్రోగ్రాం, పేజీలు పెట్టే ప్రోగ్రాం తనంతట తనే నేర్చుకున్నాడు. తెలుగు ఫాంట్లూ ఉచితంగానే దొరికాయి. ఎవరో ఎక్కడో కూర్చుని, ఒత్తులు సరిగ్గా అమరేలా ఒక్కొక్క అక్షరం గీసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. పాతవాటికంటే అవే అందంగా ఉన్నాయి. ఆ మాట కంటితో చూసి చెబుతున్నాను.

ఆ ఫైళ్లు ప్రెస్‌లో తెరుచుకోవు కాబట్టి, అచ్చు వేయడానికే తప్ప మార్చడానికి వీల్లేని పీడీఎఫ్‌లు పంపడం మొదలుపెట్టాడు. ప్రెస్ యజమాని, చుట్టరికం లేకపోయినా అందరినీ బావా అని పిలిచే మనిషి, ఒకరోజు సెంటరుకే వచ్చాడు.

"పీడీఎఫ్ నాకెందుకు బావా? ఓపెన్ ఫైలు ఎట్టు."

"ఓపెన్ ఫైలే ఇత్తాను. నీ మిషన్లో ఈ ప్రోగ్రాం నానే వొచ్చి ఎక్కిత్తాను. డబ్బులు అక్కర్నేదు."

"డబ్బులు అక్కర్నేదంటేనే నాకు బయం. ఊరికే ఎవుడిత్తాడు బావా? అందులో ఏదో ఎట్టే ఉంటాడు."

"మరి నువ్వు వాడతన్నది కొన్నావేటి?"

"అది వేరు. అది కొనాలంటే లచ్చలు. అందుకే అంత బాగా పని సేత్తాది."

మా వాళ్లకు ఊరికే ఇచ్చినదంటే అనుమానం, కొట్టుకొచ్చినదంటే గౌరవం. అచ్చాఫీసుల చుట్టూ బతుకంతా తిరిగిన నాకు ఇది కొత్త కాదు.

తర్వాత భీమునిపట్నం నుంచి ఒక పెళ్లి కార్డు వచ్చింది. సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. ఆ తీరం ఇళ్ల కార్డులన్నీ నా బావమరిదే చేస్తాడు. అవే అతని షాపుకు ఆధారం. వరుడి నాయనమ్మ పేరు పైన ఉంది, తాత పేరు ముందు "కీ.శే." ఉంది. ప్రూఫు నేనే చూశాను. తప్పు లేదు. వరుడి తండ్రి సంతకం పెట్టాడు, పీడీఎఫ్ ప్రెస్‌కి వెళ్లింది.

మర్నాడు వరుడి చిన్న మేనమామ తన పేరు లేదని ప్రెస్‌కి వెళ్లాడు. యజమాని పీడీఎఫ్‌లో పేరు చేర్చలేకపోయాడు. మా వాడికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. తన మిషన్‌లో ఉన్న వేరే ఎవరిదో పాత కార్డు తెరిచి, దాని మీదే కొత్త పేర్లు కొట్టుకుంటూ పోయాడు. ఆ పాత కార్డులో తాతా నాయనమ్మా ఇద్దరూ పోయినవాళ్లే. పేర్లు మారాయి, నాయనమ్మ ముందున్న "కీ.శే." అలాగే ఉండిపోయింది. మేనమామ తన పేరు ఒక్కటీ చూసుకుని బాగుందన్నాడు. కార్డులు అచ్చయి తీరమంతా పంచేశారు. నాయనమ్మకు చదువు రాదు. కార్డు అందుకున్న బంధువొకావిడ గుండెలు బాదుకుంటూ ఇంటికి వస్తే, ఆ ముసలమ్మే ఎదురొచ్చి ఎవరు పోయారని అడిగిందట.

వరుడి తండ్రి, తల్లిని వెంటబెట్టుకుని మా దగ్గరికే వచ్చాడు.

"మా అమ్మని బతికుండగానే సంపీసినావు గదరా!"

ముసలమ్మ బల్ల మీద కూర్చుంది. "అరవకురా. సచ్చినోలికి సెవులు బాగానే ఇనబడతాయి. ఒరే బాబూ, దెయ్యాలకి టీ ఇత్తావేటి?"

నా బావమరిది టీ తెప్పించాడు. తర్వాత తెర మీద తన ఫైలు తెరిచి చూపించాడు. సంతకం పెట్టిన ప్రూఫు చూపించాడు. జరిగింది మొత్తం చెప్పాడు. నేనూ చెప్పాను. వరుడి తండ్రి విన్నాడు.

"అయితే ఆలకి తెరుసుకోని ఫైలు ఎందుకిచ్చినావు?"

నా బావమరిది ప్రెస్‌కి ఫోను చేశాడు.

ప్రెస్ యజమాని ఫోనులో నవ్వాడు. "ఊరందరికీ తెరుసుకునేది నీకే ఎందుకు వొద్దు బావా? నీ ఫ్రీ దాని వల్లే నాను మళ్లీ టైపు సేయాల్సొచ్చింది." కొత్త కార్డులు మాత్రం మా వాడి ఖర్చుతోనే వేశాడు.

తీరంలో మాట వేరే రూపంలో తిరిగింది. ఆ సెంటరులో ఏదో ఫ్రీ కంప్యూటరంట, బతికున్నోల్ని సంపేత్తాదంట. ఆ పెళ్లి చక్కగా జరిగింది, ముసలమ్మ మండపంలో ముందు వరసలో కూర్చుంది. అయినా భీమునిపట్నం నుంచి వచ్చే కార్డులు ఆగిపోయాయి. ఆ తీరం వాళ్లు బస్సు దిగి మా సెంటరు ముందు నుంచే నడిచి, పక్క వీధిలో ఇంకొకరి దగ్గరికి వెళ్లేవారు. కొందరు తల తిప్పుకునేవారు. నా బావమరిది గుమ్మంలో నిలబడి వాళ్లను పేరు పెట్టి పలకరించేవాడు. కొన్నాళ్లకు అదీ మానేశాడు.

చివరికి ప్రెస్ యజమానినే పిలిచాడు. ఆయన కొత్త కంప్యూటరులో ఎక్కే దొంగ ప్రోగ్రాం ఎక్కడో సంపాదించి తెచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ముందు ఆ వైరస్ గార్డు ఆపు బావా. నేపోతే దొంగ దొంగ అని అరుత్తాది."

నా బావమరిది ఆపాడు. ఉచితంగా వచ్చినవన్నీ తీసేశాడు. ఆ అక్షరాలు గీసిన మనిషి ఎవరో నాకు తెలియదు. తెలిసినా ఆ పూట ఏమని ఉత్తరం రాయగలను? యజమాని వెళ్లేటప్పుడు మా వాడు బండి దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు.

"ఏటి సేయమంటావు బావా?" అన్నాడు, నేనేమీ అడగకుండానే.

వారం తిరక్కుండా భీమునిపట్నం నుంచి ఒకాయన గృహప్రవేశం కార్డుకి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"ఆ ఫ్రీది ఉందేటి ఇంకా?"

"నేదు, తీసీసినాను. రా, కూకో."

ఆయన వచ్చి కూర్చుని, కాగితం మీద రాసుకొచ్చిన పేర్లు చదవడం మొదలుపెట్టాడు. నేను కళ్లజోడు తుడుచుకుని ప్రూఫు కోసం ఎదురుచూశాను.