అంచు లేని గుడ్డ

పర్ర్‌మని ఒక చప్పుడు. కొండ కాసేపు ఊపిరి బిగబట్టినట్టు ఉండి, మళ్ళీ పర్ర్. మంచు ఇంకా విడవని ఆ పొద్దుటిపూట పిట్టలు కూడా దానికి చోటిచ్చి ఊరుకున్నాయి. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని కొండదారి ఎక్కి వస్తున్న సెల్లమ్మ చివరి మలుపులో ఆగిపోయింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఎవరో గుడ్డ చింపుతున్నారు.

సెల్లమ్మది పళ్ళిపట్టులో నేతగాళ్ళ వీధి. తండ్రి మునిరత్నం ఆమె పుట్టకముందే ఏసు మతం పుచ్చుకున్నాడు గాని మగ్గం వదల్లేదు, వీధి అలవాట్లూ వదల్లేదు. ఆ వీధిలో గుడ్డను కత్తితో కోస్తారు, కత్తెరతో కత్తిరిస్తారు. చేత్తో చింపేది ఇంట్లో శవం ఉన్న రోజే. తల్లి అలిమేలమ్మ పోయినప్పుడు తొమ్మిదేళ్ళ సెల్లమ్మ చెవిలో పడిన చప్పుడు అది. మళ్ళీ బయటికి రాలేదు.

1974లో ఒక ఆదివారం తిరుత్తణి చర్చిలో పాస్టరు అడిగాడు. కొండమీద కుష్ఠు రోగుల ఆసుపత్రికి మూడు నెలలు సాయపడేవాళ్ళు కావాలి, జీతం ఉండదు, తిండి పెడతారు అని. అరవై తలలు ప్రార్థన చేస్తున్నట్టు వంగిపోయాయి. ఆ వంగిన తలల్ని చూసి ఒళ్ళు మండి సెల్లమ్మ చెయ్యి ఎత్తింది.

ఆసుపత్రి అంటే రెండు పెంకుటిళ్ళు, పదిహేడు మంది రోగులు, గోపాలన్ అనే కాంపౌండరు. విదేశాల నుంచి మూటల్లో వచ్చే పాత దుప్పట్లను చింపి కట్లు చేయడం సెల్లమ్మకు అప్పగించిన మొదటి పని. ఆమె కత్తెర అడిగింది.

"కత్తెరతో ఎప్పటికవుతాదమ్మా? పట్టి లాగితే సుమ్మా, అట్టే చీలిపోతాది" అన్నాడు గోపాలన్.

పళ్ళు బిగించి చింపింది. రోజూ పొద్దున ఎవరినో సాగనంపుతున్నట్టే ఉండేది. మూడు వారాలు అలా గడిచాక ఒకరోజు ఏళుమలై అనే ముసలాయన కాలికట్టు విప్పుతూ ఆమె చెయ్యి నిలిచిపోయింది. చింపిన అంచు నుంచి ఊడిన పోగులు పుండులోకి దిగి ఉన్నాయి. ఒక పోగు చిటికెనవేలికి చుట్టుకుని తీగలా కోసేసింది. ఏళుమలై ఆకువక్క నములుతూ, ఆ కాలు ఇంకెవరిదో అయినట్టు ఎదుటి కొండను చూస్తున్నాడు.

"నొయ్యలేదా మామా?"

"నొప్పి నన్నిడిచి పదేండ్లాయె పాపా. నువ్వు చూసి చెప్తే గదా నాకు తెలిసేది."

సెల్లమ్మ ఆ రక్తపు కట్టు పట్టుకునే గోపాలన్ దగ్గరికి పోయింది.

"అన్నా, చింపిన గుడ్డకు అంచుండదు. పోగులు ఊడి పుండ్లలోకి పోతా ఉండాయి."

"వాళ్ళకు తెలీదు గదా" అన్నాడు ఆయన, సీసాలు తుడుచుకుంటూ.

ఆ మాట ఆమె వెంట కొండ దిగింది, బస్సెక్కింది, పళ్ళిపట్టులో ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. తెలీదు గదా. తెలీనివాడి ఒంటిమీద ఏదైనా కట్టొచ్చా?

"నాలుగు వేళ్ళ ఎడల్పు గుడ్డా? ఎవురికి, కోతికి గోచీకా?" అని మునిరత్నం నవ్వాడు. కూతురి ముఖం చూసి నవ్వు మింగేశాడు. పట్టు అంచు చీరలు తప్ప నేయని మనిషి తనే కూర్చుని సన్నటి పడుగు ఎక్కించాడు. గుడ్డ పలచగా, రెండువైపులా గట్టి అంచు, ఒక్క పోగూ ఊడకుండా. తండ్రీ కూతురూ పదిరోజులు నేశారు. ఆ గుడ్డ చుట్టలు చుట్టుకుని సెల్లమ్మ మళ్ళీ కొండెక్కింది.

గోపాలన్ చుట్టను వేళ్ళతో తడిమి చూశాడు. "బాగుండాయి. ఇవి వాడితే ఆ మూటలేం చేసేది? పంపినోళ్ళకు వాడినామని జాబు రాయాల" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "నీది మూడు నెల్లే గదా తల్లీ. చెప్పింది చేసి పో."

సాయంత్రానికి ఆమె రేకుపెట్టె సర్దుకుంది. మర్నాడు పొద్దున దాన్ని నెత్తికెత్తుకోబోతుండగా మందుల గదిలో సీసా పగిలింది. గోపాలన్ అరచెయ్యి నిలువునా చీరుకుపోయింది. సెల్లమ్మ పెట్టె దించి, చింపిన కుప్పలోంచే ఒక పీలిక తీసి, శ్రద్ధగా, గట్టిగా కట్టింది.

"బాగా కట్టినావే" అన్నాడు ఆయన.

అది విప్పడానికే ఇంకో మూడు రోజులు ఉంది.

మూడోరోజు వరండాలో అందరి ముందూ ఆయన్ని బల్లమీద కూర్చోబెట్టింది. నెత్తురూ పోగులూ కలిసి ఎండి గాయంలో ఒకటైపోయాయి. ఆమె ఒక్క పోగు పట్టుకుని లాగింది. గోపాలన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మెల్లగా, మెల్లగా."

"నొస్తా ఉండాదా అన్నా?"

"ఉండాది."

"నీకు ఉండాది."

వరండా చివర్నుంచి ఏళుమలై నవ్వాడు. "కాంపౌండరు అదృష్టవంతుడు."

ఇంకెవరూ నవ్వలేదు. గోపాలన్ ఎడమచేత్తో నడుముకున్న బీరువా తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు.

మరుసటి నెల మగ్గం ముక్కలు ముక్కలుగా మనుషుల భుజాలమీద కొండెక్కింది. రోగుల్లో వేళ్ళు మిగిలినవాళ్ళు, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంట దానికి తవ్వారు. మూడు నెలలు ఎప్పుడు దాటాయో ఎవరూ లెక్క అడగలేదు. పన్నెండేళ్ళు ఆమె ఆ కొండమీదే నేసింది, కట్టింది, పోట్లాడింది. రోగుల్ని ఎక్కించుకోని బస్సుకు అడ్డంగా నిలబడి కండక్టరును తిట్టింది. బియ్యం కార్డు ఇవ్వని గుమాస్తా బల్లముందు రోజంతా కూర్చుంది. బొడ్లో కత్తెర ఎప్పుడూ ఉండేది. పొద్దుటిపూట కొండమీద మళ్ళీ పిట్టలే వినిపించాయి.

ఆమె కథ రాసుకోవడానికి వచ్చినవాళ్ళు తిరుత్తణి బస్టాండులో సెలవు తీసుకుంటూ, సేవ చేయడానికి అంత ఓర్పు ఎక్కడిదని అడిగారు. సెల్లమ్మ ముఖం ఎర్రబడింది.

"ఓర్పా? యాడుండాది ఓర్పు? ఆ సద్దు ఇనలేక ఉండిపోయినా. సేవ అని రాసినారంటే ఆ కాయితం చింపుతా. కత్తెరతో గాదు, చేత్తో."