మంచులో పెట్టిన కళ్ళు

పంతొమ్మిదివందల డెబ్బైలలో నా ఉదయాలు మొఘల్‌పురాలో ఒక మటన్ దుకాణం ముందు మొదలయ్యేవి. మాది కోస్తా. కంటి ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం. వెడల్పు మూతి ఫ్లాస్కు చంకన పెట్టుకుని ప్రయోగాలకు మేకకళ్ళ కోసం నిలబడేదాన్ని. దుకాణం అన్న రోజూ సణిగేవాడు.

"కండ్లు లేని తలకాయ ఎవరు కొంటరక్కా? గిరాకీలు మస్తు లొల్లి జేస్తున్నరు."

అంటూనే ఇచ్చేవాడు. వాళ్ళమ్మ సంగతి వచ్చాక సణగడం కూడా మానేశాడు. ఆమెకు ఒక కంటికి శుక్లం తీసినప్పుడు కటకం ముక్కలు లోపల మిగిలిపోయాయి. ఒళ్ళు వాటిని పరాయివనుకుని పోరుకు దిగడంతో ఆ కంటి చూపు పోయింది. ఇప్పుడు రెండో కంటికీ శుక్లం. ముట్టుకోవాలంటే మా డాక్టరుగారికే భయం, అందుకే ముందు ఆమె రక్తం పరీక్షించమన్నారు. మేక కటకంలోని ప్రోటీన్లు మనవాటికి చాలా దగ్గర. ఆమె రక్తం సొంత కటకం మీద పగబట్టి ఉంటే మేకదాన్నీ వదలదు. ఆ రక్తం, మేక కటకం రసం కలిసినచోట మా జిగురు పూసిన గాజు పలక మీద తెల్లటి గీత పడుతుంది.

ఆ పరీక్ష రోజున అన్న ఎక్కడలేని శ్రద్ధతో అఫ్జల్‌గంజ్ నుంచి మంచుగడ్డ తెచ్చి, లేత మేకల కళ్ళను అందులో పెట్టి, స్వయంగా ప్రయోగశాలకు పట్టుకొచ్చాడు. కోసి పళ్ళెంలో పెట్టి చూస్తే కటకాలన్నీ సున్నంలా తెల్లగా ఉన్నాయి. నా నోరు అసలే మంచిది కాదు.

"బుద్ధుందా అన్నా? మీ అమ్మ పరీక్షే చెడగొట్టావు!" అని అందరి ముందూ కడిగేశాను.

ఆయన తల వంచుకుని పళ్ళెంలోకే చూస్తున్నాడు. కాసేపటికి దానివైపు వేలు చూపించాడు. కటకాలు అంచుల నుంచి తేటపడుతున్నాయి. లేత కటకం చలికి తెల్లబడి, వెచ్చబడితే మామూలవుతుందని, రోజూ ముదురు మేకలవే చూసిన నాకు అప్పటిదాకా తెలియదు.

"అమ్మ కన్ను గూడ గిట్ల వెచ్చగ జేస్తే సాఫ్ అయితదా అక్కా?"

కాదని చెప్పే బదులు, తేటపడిన కటకాలను నూరడానికి తీసుకున్నాను. తిట్టినందుకు సిగ్గేసింది కానీ, ఆ మాటా పైకి అనలేకపోయాను.

రెండు రోజులకు పలక మీద గీత పడింది, అంటే ఆ పగ ఉన్నట్టే. డాక్టరుగారు ఈసారి కటకాన్ని పొరతో సహా, చిన్న ముక్కయినా మిగల్చకుండా తీశారు.

కొన్ని వారాల తరవాత నేను వెళ్ళేసరికి అన్న వాళ్ళమ్మ దళసరి కళ్ళద్దాలతో దుకాణంలో పీట మీద కూర్చుని ఉంది. నన్ను తేరిపార చూసింది.

"నా కొడుకును అందరి ముంగట తిట్టింది నువ్వేనా? చూపొచ్చినంక నీ మొకం జూడాలె అనుకున్న."

"నేనేనమ్మా," అన్నాను. అన్న వైపు తిరిగి, "తప్పయింది అన్నా" అన్నాను.

ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"మొకం మంచిగనే ఉంది. నోరే సక్కగ లేదు."

ఇన్నేళ్ళయినా, ఆ తిట్టు తినడానికైనా ఫ్లాస్కు పట్టుకుని మళ్ళీ ఆ దుకాణం ముందు నిలబడాలనిపిస్తుంది.