వానొస్తోంది, దండెం మీద బట్టలు

మా మామయ్య అంత శుభ్రమైన పనివాడు మరొకడు లేడని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆ శుభ్రమే ఆయన కొంప ముంచింది. నోరు నొక్కుకుని ఊరుకునే రకాన్ని కాను కాబట్టి ఆ సంగతేమిటో చెప్పేస్తాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఊరందరికీ మాత్రం క్యాసెట్ మామయ్య. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. వీధి వైపు గదిలో పాతికేళ్ళపాటు పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చే కొట్టు నడిపాడు. ఇప్పుడా గదిలో నా జెరాక్స్ మిషన్లున్నాయి. గోడకున్న చెక్క అరలు మాత్రం ఆయనవే. వాటిలో నేను కాగితాల కట్టలు కుక్కినప్పుడల్లా, "క్యాసెట్ కొలతకి చేయించిన అరలే అవి, కాగితాలకి కాదు" అని ఇప్పటికీ సణుగుతాడు.

ఆయన యవ్వనాన్ని మింగేసింది ఒక రికార్డు. పరాయి దేశంలో జులపాలు పెంచుకున్న నలుగురు కుర్రాళ్ళు చేసిన రాక్ ఆల్బం. నల్లటి అట్ట మీద ఒక నిచ్చెన దేనికీ ఆనకుండా నిలబడి ఉంటుంది. అందుకని అందరూ దాన్ని నిచ్చెన రికార్డు అనేవారు. మొత్తం ఏడు పాటలు. అందులో ఒక పాటను రేడియోలో విని మామయ్యా, ఆయన ఈడువాళ్ళు ఓ డజను మందీ పిచ్చివాళ్ళయిపోయారు. ఆ భాష ఒక్కడికీ సరిగ్గా రాదు. రాకపోతేనేం, తలలూపడానికి భాషెందుకు?

రికార్డు కొనాలంటే ఊళ్ళో దొరకదు. చివరికి ఓడలో పనిచేసే ఒకాయన సెలవుకొస్తూ తెచ్చి, మామయ్యకు ఒక్క ఆదివారం మధ్యాహ్నానికి అరువిచ్చాడు. అప్పటికి మామయ్యకు పెళ్ళయి ఆరు నెలలు. తీరా రికార్డు ప్లేయరు నుంచి టేపు రికార్డరుకు తగిలించే వైరు చూస్తే తెగి ఉంది. టేపు మిషన్ల మధ్య తగిలించే వైరేమో దీనికి పట్టదు. ఆదివారం కొట్లు మూత. సాయంత్రానికి రికార్డు తిరిగివ్వాలి. చేసేది లేక స్పీకరు ముందు స్టూలు వేసి, దాని మీద మైకు పెట్టి, రికార్డింగ్ బటన్ నొక్కాడు. తనకప్పుడు జలుబు. దగ్గు ఎక్కడ పడుతుందోనని తలుపు దగ్గరికి వేసి, వీధి మెట్టు మీద కాపలా కూర్చున్నాడు. మధ్యలో ఒక్కసారి రికార్డునూ టేపునూ రెండో వైపు తిప్పి రావడం తప్ప, వచ్చేపోయే వాళ్ళకు నోటి మీద వేలు చూపిస్తూ నలభై నిమిషాలు గడిపాడు.

పెరటి గుమ్మం కూడా ఆ గదిలోకే ఉంది. దానికి కాపలా లేదు.

రాత్రికి రాత్రే ఆ టేపును మాతృకగా పెట్టుకుని కాపీలు తీయడం మొదలెట్టాడు. కాపీ తీసేటప్పుడు ఎవరూ పాట వినరు, రెండు మిషన్లకూ వైరు తగిలించి వదిలేస్తారు. వారంలో అరవై క్యాసెట్లు అమ్ముడుపోయాయి. ప్రతిదానికీ చీటీ మీద తన గుండ్రటి అక్షరాలతో వరస నంబరు వేశాడు. ఎనిమిదో రోజున హైస్కూలు లెక్కల మాస్టారు, అప్పటికింకా మీసాలు నల్లగా ఉన్న మనిషి, క్యాసెట్ పట్టుకుని కొట్టు మీదకి వచ్చాడు.

"ఏమయ్యా, ఇందులో మీ ఆవిడ కూడా పాడిందా?"

మామయ్య బిత్తరపోయి టేపు వేశాడు. రెండో వైపు, మూడో పాట. డ్రమ్ములు ఒక్కసారిగా ఆగిపోయి గిటారు ఒక్కటే నెమ్మదిగా మీటుతూ ఉంటుంది. సరిగ్గా అక్కడ, గిన్నె మీద గిన్నె పడ్డట్టు మా అత్తయ్య గొంతు: "ఏమండీ! వానొస్తోంది! దండెం మీద బట్టలు!"

మామయ్య నెత్తి కొట్టుకుని టేపు ఆపేశాడు. ఆ పైన ఒక్క క్షణం కూడా వినలేదు.

లోపలికెళ్ళి, "నా పరువు తీశావు కదే!" అన్నాడట.

అత్తయ్య చపాతీ కర్రంత పొడుగు నవ్వు నవ్వి, "ఆ గోలలో నా గోల ఎవరికి వినిపిస్తుందండీ? డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంటుంది మీ సంగీతం" అందట.

ఆ మాట ఆవిడ జీవితాంతం అంది. నిచ్చెన రికార్డు వేసినప్పుడల్లా వంటింటి తలుపు మూసేసేది.

ఏడాది తిరిగేసరికి మామయ్య ఎక్కడెక్కడో వెతికించి సొంతంగా రికార్డు తెప్పించుకున్నాడు, సరైన వైరుతో శుభ్రంగా మళ్ళీ ఎక్కించాడు. కొట్టు ముందు బోర్డు పెట్టాడు: పాత నిచ్చెన క్యాసెట్ తెచ్చివ్వండి, మంచిది ఉచితం. వచ్చిన పాత క్యాసెట్ల మీదే మంచి పాట ఎక్కించి మళ్ళీ ఇచ్చాడు. అలా ఎక్కిస్తే కింద ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. క్యాసెట్ వీపున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇక ఎవరూ ఏమీ ఎక్కించలేరు. మామయ్య ఎవరి క్యాసెట్‌కీ ఆ రేకులు విరిచేవాడు కాదు. మనిషికి మళ్ళీ వాడుకునే వీలుండాలి అనేవాడు. అరవై నంబర్లూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, తుడుచుకుపోయాయి. ఆఖరున తన దగ్గరున్న మాతృకను కూడా తుడిచేశాడు. "అరవైకి అరవై! మన ఊరి జనం నిజాయితీ చూశావా?" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఆసుపత్రి కాంపౌండరు ఒక్కడే మంచి క్యాసెట్ విని మొహం ముడుచుకుని వచ్చాడు.

"అన్నా, పాతదాంట్లో ఆ పాట చివర్లో ఆడగొంతొకటి తోడు పాడేది. ఇందులో లేదేంటి?"

"నలుగురూ మగాళ్ళే నాయనా. ఏ మందు సీసా వాసన చూసి వచ్చావ్?"

ఆ జోకు ఇరవయ్యేళ్ళు నడిచింది.

ఇంత చేసినా, అభిమానులు ఆ తప్పును వదల్లేదు. ఏటా ఆ రికార్డు విడుదలైన తేదీన, మధ్యాహ్నం మూడింటికి, మా గదిలో చేరేవారు. మొదటి పాట నుంచి ఏడో పాట దాకా నోరెత్తకూడదని నియమం. ఒక్కచోట తప్ప. గిటారు ఒంటరిగా మిగిలే ఆ చోట పన్నెండు మందీ ఒక్క గొంతుతో, "ఏమండీ! వానొస్తోంది! దండెం మీద బట్టలు!" అని అరిచేవాళ్ళు. మూసిన వంటింటి తలుపు వెనకనుంచి అత్తయ్య, "ఎప్పుడో తెచ్చేశాను లెండి!" అనేది. బట్టతలలొచ్చినా, కళ్ళజోళ్ళొచ్చినా, మనవలు పుట్టినా ఈ తంతు ఆగలేదు. పెద్దమనుషులకు ఇదేం పిచ్చి అని నేను ముక్కున వేలేసుకునేదాన్ని. ఆ రోజు నాక్కూడా మిషను ఆపి గుమ్మంలో నిలబడాలనిపించేది, అది వేరే విషయం.

మూడేళ్ళ క్రితం అత్తయ్య పోయింది. వారం జ్వరం, అంతే. ఆ ఏడు ఎవరూ రాలేదు. మామయ్య పిలవలేదు.

ఆ తర్వాత బయటపడింది అసలు సంగతి. ఊరందరికీ పాటలు ఎక్కించి ఇచ్చిన ఇంట్లో అత్తయ్య గొంతు ఎక్కడా లేదు. మైకు చూస్తే ఆవిడ ఆమడ దూరం పారిపోయేది. ఫోనులో కూడా, "ఆఁ, ఉంటాను" అని పెట్టేసే మనిషి. చుట్టాల పెళ్ళి వీడియోల్లో కనిపిస్తుంది కానీ వాటి మీద సన్నాయి పోసేశారు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టయింది మామయ్య బతుకు. క్యాసెట్ల కాలం పోయాక జనం తెచ్చి పడేసిపోయిన పాత పెట్టెలన్నీ దించి నంబరున్న ప్రతి క్యాసెట్టూ వేసి చూశాడు. అన్నిట్లోనూ గిటారు నిర్మలంగా మోగింది. ఆ నిర్మలత్వం మీద ఆయనకు ఎంత అసహ్యం వేసిందో నేను దగ్గరుండి చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావు మామయ్యా అని నోటిదాకా వచ్చింది గానీ, మింగేశాను.

ఈ ఏడాది ఆ రికార్డుకు యాభై ఏళ్ళు నిండాయి. కాంపౌండరు పట్టుబట్టాడు. మామయ్య ఒప్పుకున్నాడు కానీ నా చేత ఒక కాగితం రాయించి, జెరాక్సులు తీయించి, అందరికీ పంచాడు. పాత అరవైలో ఒక్కటైనా, తెగిపోయిందైనా, ఎవరి దగ్గరైనా ఉంటే తెమ్మని.

"అరవైకి అరవై తిరిగొచ్చాయన్నావు కదా మామయ్యా?"

"వచ్చాయి. అయినా అడుగుదాం. ఎవడో ఒకడు వెధవ పని చేసి ఉండకపోతాడా అని ఆశ."

జీవితమంతా జనం నిజాయితీని పొగిడిన మనిషి, ఒక్క మోసగాడి కోసం ఎదురుచూశాడు.

ఆ రోజు మూడింటికి ఏడుగురొచ్చారు. మిగిలినవాళ్ళలో కొందరు లేరు, కొందరు మంచాన ఉన్నారు. అందరూ ఉత్త చేతులతోనే వచ్చారు. మామయ్య ఒక్కొక్కరి చేతులే చూశాడు. చివరికి లెక్కల మాస్టారు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అందులో చీటీ లేని క్యాసెట్ ఉంది.

"పదిహేడో నంబరు నాది. దాని చీటీ ఊడదీసి వేరే క్యాసెట్‌కి అంటించి ఇచ్చానయ్యా నీకు. ఇది నా దగ్గరే ఉంచుకున్నాను. ఏటా నీ ఎదురుగా కూర్చున్నాను గానీ, చెప్పడానికి మొహం చెల్లలేదు. నువ్వు నీ మాతృకతో సహా మొత్తం తుడిచేశావని మొన్న ఆ కాగితం చూసేదాకా నాకు తెలీదు."

పరీక్షల్లో కాపీ కొట్టిన పిల్లల వీపులు చిట్లగొట్టిన మాస్టారు! నాకు నోరు ఊరుకోలేదు.

"ఇన్నేళ్ళూ మాకు నీతులు చెప్పారు కదండీ మాస్టారూ!"

"ఇప్పుడు నువ్వే ఓ దెబ్బ వెయ్యమ్మా" అన్నాడు చెయ్యి చాపి.

మామయ్య మా ఇద్దరి మాటా వినలేదు. క్యాసెట్‌ను వెలుతురులోకి పట్టుకుని చూస్తున్నాడు. టేపును అదిమి పట్టే మెత్త ఊడిపోయింది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇలాగే వేస్తే తెగిపోతుంది అన్నాడు. అయిదు సన్నటి స్క్రూలు విప్పి, టేపును వేరే ఖాళీ క్యాసెట్ డొప్పలోకి మార్చాడు. పెన్సిలు దూర్చి అటు చివరికీ ఇటు చివరికీ చుట్టడానికే అరగంట పట్టింది. ఒకచోట కిర్రుమంది. తెగలేదు.

మొదటి నుంచీ వేద్దామా అని కాంపౌండరు అడిగాడు. మామయ్య తల అడ్డంగా ఊపి, తిన్నగా రెండో వైపు మూడో పాట పెట్టాడు. డ్రమ్ములు ఆగాయి. గిటారు మిగిలింది. అలవాటు కొద్దీ అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి, ఒక్కరూ అరవలేదు.

"ఏమండీ! వానొస్తోంది! దండెం మీద బట్టలు!"

ఇరవయ్యేళ్ళ పిల్ల గొంతు. నాకు తెలిసిన అత్తయ్య గొంతు కూడా కాదు, అంతకంటే ముందుది. మామయ్య మొహం చూడలేక నేను స్పీకరు వైపు తిరిగాను. ఆయన చెయ్యి ఆపే బటన్ మీదకి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఆయన లెక్కలో ఆ టేపు అక్కడితో అయిపోయింది.

మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఆపకు. నేను దాచుకున్నది ఆ కేక కోసం కాదు."

తలుపు చప్పుడు. పరుగు. కాసేపు ఉత్త గిటారు. మళ్ళీ అడుగులు, ఈసారి నెమ్మదిగా. మైకు పక్కనే బట్ట దులిపిన చప్పుడు. ఒకటి. ఇంకొకటి. తెచ్చిన బట్టలు అక్కడే కూర్చుని మడతపెడుతోంది అత్తయ్య. పాటలో అదే వరస మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటిసారి ఊరికే విన్నది. రెండోసారి కూనిరాగం అందుకోబోయి తప్పింది, తనలో తనే నవ్వుకుంది. మూడోసారికి పట్టుకుంది. ఆ తర్వాత డ్రమ్ములు వచ్చినా వదల్లేదు. పాట అయ్యేదాకా గిటారు కిందనే సన్నగా పాడుతూ, బట్టలు దులుపుతూ కూర్చుంది.

"ఆడగొంతుందని చెప్పానా, లేదా?" అన్నాడు కాంపౌండరు. గొడవ పెట్టుకోవాల్సినవాడు, కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకున్నాడు.

మామయ్య టేపు ఆపి అన్నాడు. "గోల అనేది. తలుపు మూసేసుకునేది. ఇన్నేళ్ళూ ఈ పాట నేనొక్కణ్ణే విన్నాననుకున్నానే!"

అని క్యాసెట్ బయటికి తీసి, బోర్లా తిప్పి, స్క్రూడ్రైవరు మొనతో దాని వీపున ఉన్న రేకులు రెండూ విరిచేశాడు.